వెనక తాడు పట్టినవాడు

పోయిన వారం దాలయ్యని ఇంటి అరుగు మీద వదిలేసి వచ్చాం. చేతిలో కూతురి ఫోను, ఫోనులో పదకొండు సెకండ్ల వీడియో. దాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్క పెట్టడం నాకే విసుగు పుట్టి మానేశాను. పొద్దున్న తాగాల్సిన గంజి చల్లారిపోయింది. భార్య కూర్మమ్మ రెండుసార్లు పిలిచి, పలక్కపోయేసరికి గొణుక్కుంటూ చేపల తట్ట కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఇవాళే ఈ కథ చేతికి తీసుకున్నవాళ్లకి కాస్త వెనక సంగతి చెప్పాలి. మిగతావాళ్లు ఓపిక పట్టండి, ఎక్కువసేపు పట్టదు. కళింగపట్నం దాటాక ఇసకలో అరగంట నడిస్తే నీలమ్మపేట. ఆ ఊళ్లో పుట్టిన దాలయ్య కొత్తవలస రైల్వే గ్రౌండులో ఒక టోర్నమెంటు ఆడుతుంటే ఎవరో చూసి కలకత్తా తీసుకుపోయారు. అక్కడ ఒక పెద్ద క్లబ్బుకి పన్నెండేళ్లు స్టాపర్ బ్యాక్‌గా ఆడాడు. ఆఖరి మూడేళ్లూ కెప్టెన్. గోలు కొట్టినవాడి ఫొటో గెలిచిన రోజు పేపర్లో పడుతుంది. గోలు పడకుండా కాపు కాసేవాడి ఫొటో ఓడిన రోజే పడుతుంది. దాలయ్య ఫొటో 2008లో పడింది, మొదటి పేజీలో, అంత పెద్దగా.

లీగులో అది చివరి మ్యాచ్. డ్రా అయినా చాలు, కప్పు వీళ్లదే. ఎనభై ఏడో నిమిషం దాకా ఎవరికీ గోలు లేదు. అప్పుడు పడింది. క్లబ్బువాళ్లు విచారణ పెడితే దాలయ్య తలొంచుకుని, తప్పు నాదే సార్, పిలుపు రాకుండానే ముందుకి వెళ్లిపోయాను అన్నాడు. అంతే, ముప్ఫై నాలుగేళ్లకి ఆట ముగిసింది. పన్నెండేళ్లు ఆడినవాడు చిన్నపిల్లాడి తప్పు ఎందుకు చేస్తాడు, ఎవరో కొనేసి ఉంటారని గుసగుసలు మొదలయ్యాయి. రుజువు లేదు. లేకపోయినా వీడ్కోలు మ్యాచ్ లేదు, కోచ్ ఉద్యోగం లేదు, క్లబ్బు గోడ మీద వరసగా పాత కెప్టెన్ల ఫొటోలుంటే అందులో దాలయ్య ఫొటో ఒక్కటే లేదు.

ఇక్కడే అసలు సంగతి. తప్పు తనది కాదని దాలయ్యకి తెలుసు. ముందుకి అడుగెయ్యమన్న పిలుపు వచ్చింది. పిలిచినవాడు పక్కనే ఆడుతున్న భాస్కర్, కూర్మమ్మ తమ్ముడు, అంటే సొంత బావమరిది. వాన పడి గ్రౌండు బురదగా ఉంది, పిలిచాక భాస్కర్ కాలు జారి వెనక ఉండిపోయాడు, అందుకే గోలు పడింది. కనీసం భాస్కర్ అలా చెప్పాడు, దాలయ్య నమ్మాడు. నీలమ్మపేటలో ఒకే వల తాడు పట్టినవాళ్లలో చిన్నవాడు పట్టు వదిలితే పెద్దవాడే జవాబు చెప్పాలి. చిన్నవాడి పేరు నోట రానివ్వకూడదు. సముద్రపు ఒడ్డున ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. కలకత్తాలో కోటు తొడుక్కున్న పెద్దమనుషుల ముందు కూడా దాలయ్య అదే పద్ధతి నడిపాడు. ఇంత అమాయకత్వం మా బెస్తపల్లెల్లో తప్ప ఇంకెక్కడా దొరకదని నాకు కోపం. ఈ ఎనిమిదేళ్లూ దాలయ్య ఎవరికీ చెప్పలేదు. లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా, అదీ దాచకుండా చెప్పాలి.

నెల క్రితం ఎవడో ఆ మ్యాచ్‌ని గోలుపోస్టు వెనక గ్యాలరీలోంచి తీసిన ముక్క నెట్లో పెట్టాడు. టీవీలో ఆ రోజు బంతి ఉన్న వైపే కనపడింది. ఇందులో రెండో వైపు కనపడింది. దాలయ్య కూతురు హేమకి పదహారేళ్లు, ఆ పిల్లా డిఫెండరే. నాన్న ఆట వెతుకుతూ దాన్ని పట్టుకుంది, తండ్రికిచ్చి చూడమంది. అందులో భాస్కర్ కాలు జారలేదు.

ఇవాళ భాస్కర్ వస్తున్నాడు. విజయనగరంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ అకాడమీకి అతనే హెడ్ కోచ్. హేమకి అందులో సీటొచ్చింది. రెండు గంటలకి ఆమదాలవలసలో రైలు. అకాడమీ కాగితం మీద తండ్రి సంతకం ఉంటే పిల్ల వెళ్తుంది, లేకపోతే ఆ సీటు ఇంకో పిల్లకి ఇస్తారు. ఆ కాగితం సంతకం లేకుండా దాలయ్య చొక్కా జేబులో ఉంది.

* * *

తొమ్మిదింటికి దాలయ్య ఒడ్డుకి వచ్చాడు. పెద్ద వల లాగుతున్నారు. కుడి తాడు మీద పదిహేనుమంది, ఎడమ తాడు మీద పదిహేనుమంది. అందరి మొహాలూ సముద్రం వైపు, కాళ్లు ఇసకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతున్నారు. తాడు చివర ఉన్నవాడు పిలుస్తాడు, ముందున్నవాళ్లు ఒక్క గుంజు గుంజుతారు. పిలిచినవాడి వైపు ఎవరూ తిరిగి చూడరు. మెడ తిరిగితే ఒళ్లు తిరుగుతుంది, ఒళ్లు తిరిగితే పట్టు సడలుతుంది. ఈ ఊళ్లో నడక నేర్చిన పిల్లలకి తర్వాత నేర్పేది అదే.

దాలయ్య కలకత్తా పట్టుకుపోయింది కూడా అదే. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ ట్రాప్ అని ఒకటుంది. ఎదుటివాళ్లు బంతిని ముందుకి తన్నే క్షణంలో వెనక కాపు కాస్తున్న నలుగురూ కలిసి ఒక్కసారి ముందుకి అడుగు వెయ్యాలి. గోలు దగ్గర కాచుకున్న ఎదుటివాడు అప్పుడు ఒంటరిగా మిగిలిపోతాడు, లైన్స్‌మన్ జెండా ఎత్తుతాడు, ఆట ఆగుతుంది. నలుగురిలో ఒక్కడు వెనక ఉండిపోయినా జెండా లేవదు, కాచుకున్నవాడికి దారి తెరిచి ఇచ్చినట్టే. వీళ్ల జట్టులో పిలిచేవాడు భాస్కర్, పిలుపు 'లాగు'. ఒక బెంగాలీవాడు, ఒక మణిపూర్ వాడు ఆ ఒక్క తెలుగు ముక్క నేర్చుకుని ఆరేళ్లు ఆడారు. కోచ్ మాత్రం తల బాదుకునేవాడు. పిలుపు విన్నాక ఒక్కసారి పక్కకి చూసుకో దాలయ్యా, లైను సరిగా ఉందో లేదో చూసుకో అని. మా బావమరిది పిలుస్తాడు సార్, నేను చూడక్కర్లేదు అనేవాడు దాలయ్య.

కుడి తాడు మీద రెండో మనిషిగా నిలబడి పట్టు బిగించాడు. ఎండ ఎదురుగా మొహాన కొడుతోంది. ఎడమ మోకాలు ఎప్పటిలాగే మూలిగింది. ఆటో చప్పుడైంది, పిల్లలు అరిచారు, భాస్కర్ వచ్చాడని తెలిసింది. తిరిగి చూడలేదు.

తాడు చివర పిలుస్తున్నవాడు కూర్మయ్య, ఊరికి పెద్ద. డెబ్బయ్యేళ్లు దాటినా గొంతు తగ్గలేదు గానీ ఊపిరి తగ్గింది.

"రారా కోచ్ బాబూ," అన్నాడు. "నీ గొంతు ఇని సేనాళ్లయినాది. ఆ బూట్లు అవతల పడేసి ఈ తాడందుకో. నాలుగు పిలుపులు పిలు, ముసిలోణ్ని కూకుంటాను."

"అలాగే పెద్దయ్యా." భాస్కర్ నవ్వుతూ ప్యాంటు మడిచాడు. అకాడమీ టీషర్టు, మెడలో విజిలు. "బావా! ఏటి, పలకరించవేటి?"

దాలయ్య సముద్రం వైపే చూస్తూ తాడు బిగబట్టాడు.

"మీ బావకి నిన్నట్నించీ మూగనోము," అంది తట్ట పట్టుకుని చేపల కోసం కాచుకున్న జగ్గమ్మ. ఆడవాళ్లు నవ్వారు.

భాస్కర్ తాడు పట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"హైలెస్సా... లాగు!"

తాడు కదిలింది. దాలయ్య చేతులు వాటంతట అవే లాగాయి. ఆ గొంతుకి అతని ఒళ్లు అలవాటు పడిపోయింది, మనసు ఒద్దన్నా ఊరుకోలేదు. దానికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"హైలెస్సా... లాగు!"

వల దగ్గరికొస్తోంది. నీళ్లలో వెండిరంగు కదలడం కనిపించి పిల్లలు కేకలు వేశారు.

మూడో పిలుపుకి దాలయ్య మెడ తిప్పాడు.

మెడే కాదు, మొత్తం మనిషే తిరిగాడు. అతని చేతుల్లో తాడు జారింది, వెనకవాడి చేతుల్లో జారింది, కుడి తాడు మొత్తం వదులైపోయింది. ఎడమ వాళ్లు సంగతి తెలియక గుంజేశారు. వల నోరు ఒక పక్కకి ఒరిగిపోయి, బొంతచేపలు ఆ సందులోంచి ఎగురుకుంటూ సముద్రంలోకి పోయాయి. సగం వల ఖాళీ అయ్యాక గానీ మళ్లీ పట్టు దొరకలేదు.

ఒడ్డంతా ఒకటే గోల. "ఏటిది దాలయ్యా!" అని జగ్గమ్మ నెత్తి కొట్టుకుంది. "మొగుడూ పెళ్లాం దెబ్బలాటేదన్నా ఉంటే ఇంటికాడ సూసుకోండి. మా కూర సముద్రంలోకి పోనాది!"

కూర్మయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. కర్ర పొడుచుకుంటూ దాలయ్య ముందుకి వచ్చాడు. "నీ బొడ్డు కోసినకాడ్నించీ సూస్తన్నాను. తాడు మీద నువ్వు మెడ తిప్పడం ఎప్పుడూ సూడనేదు. ఏటయినాదిరా?"

"పిలిసినోడు ఏటి సేస్తన్నాడో సూద్దారని తిప్పినాను పెద్దయ్యా," అన్నాడు దాలయ్య. "ఎనిమిదేళ్ల కిందట తిప్పవలిసింది. ఆలస్యం అయిపోనాది."

భాస్కర్ చేతిలోంచి తాడు కింద పడింది. ఆ మనిషి మొహంలో మొదట ఆశ్చర్యం కనపడాలి కదా, కనపడలేదు. ఈ రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. ఆ ఒక్క మొహం చాలు దాలయ్యకి, ఫోను తియ్యక్కర్లేదు.

"బావా, ఇంటికి పోదాం పద. ఇక్కడొద్దు."

"ఇక్కడే. నన్ను అమ్ముడుపోయినోడన్నది ఇక్కడే కదా. ఈ ఇసక మీదే అన్నారు."

"పోనీ హేమని రైలెక్కించేశాక..."

"హేమ పేరు ఎత్తకు." దాలయ్య గొంతు పెద్దదైంది. ఆ మనిషి అరవడం ఊరివాళ్లు విని ఉండరు. గ్రౌండులో కూడా అరిచేవాడు కాదు. "ఆ ఆడగుంటకి కాలు ఎక్కడెయ్యాలో నేర్పుతానన్నావు. నీ కాలు ఆ దినం ఎక్కడున్నాదిరా? జారిపోనాది బావా అని నా భుజం మీద పడి ఏడిసినావు. డ్రెస్సింగ్ రూములో, బురద బట్టల్తోటి, చంటోడు ఏడిసినట్టు ఏడిసినావు. నాను నీ తల నిమిరినాను. నిమిరి, ఈ తప్పు నాదని సెప్పేస్తాను, నువ్వు నోరెత్తకు అన్నాను. అన్నానా నేదా?"

"అన్నావు."

"నువ్వు నోరెత్తనేదు. ఎనిమిదేళ్లు ఎత్తనేదు. నా కాడ్నించి కెప్టెన్ బ్యాండు నీ సేతికెళ్లినాది. మూడేళ్లు కట్టుకున్నావు. గోడ మీద నీ ఫొటో ఉన్నాది. నాది నేదు. అయినా నాను ఏడవనేదు, మా కూర్మమ్మ తమ్ముడు కదా అనుకున్నాను. కాలు జారినోడికి నాను కాపు కాసినాననుకున్నాను." అతను ఫోను తీసి అందరికీ కనపడేలా ఎత్తాడు. "రెండు కాళ్లూ పాతేసి నిలబడ్డావురా. పిలిసి, నన్ను ముందుకంపించి, నువ్వు నిలబడి సూసినావు. ఎదటోడు నీ పక్కనించి ఎళ్లి గోలు కొట్టినాక అప్పుడు పడినావు."

ఒడ్డున సగం వల అలాగే పడి ఉంది, దాంట్లో మిగిలిన చేపలు కొట్టుకుంటున్నా ఆడవాళ్లు తట్టలతో కదల్లేదు. అప్పుడే హేమ వచ్చింది. నీలం ట్రాక్ సూటు, భుజాన బ్యాగు, మావయ్య కిందటేడు కొనిచ్చిన బూట్లు. తండ్రి చేతిలో తన ఫోను, మావయ్య వంచిన తల చూసి అక్కడే ఆగిపోయింది. నిన్న ఆ వీడియో చూపించినప్పుడే ఆ పిల్లకి అర్థమైంది, డిఫెండరు కదా. కానీ నాన్న ఏం చెయ్యకుండా ఊరుకుంటాడని పిచ్చి ఆశ పడింది. ఇప్పుడు ఫోను ఎందుకిచ్చానా అని తనని తాను తిట్టుకుంది.

"నీళ్లు పట్టు," అన్నాడు దాలయ్య.

నీలమ్మపేటలో పోలీసూ కోర్టూ తర్వాత, ముందు నీళ్లు. తప్పు చేశాడన్నవాడు అలలో చీలమండల దాకా దిగి, దోసిట్లో సముద్రం నీళ్లు పట్టి నిజం చెప్పాలి. అన్యాయం జరిగిందన్నవాడు ఆ దోసిలి కింద చెయ్యి పెట్టాలి. కారిన నీళ్లు అతని చేతిలో పడతాయి. మాట పూర్తయ్యాక అతను ఆ తడి చెయ్యి కళ్లకద్దుకుంటే ఇంక ఆ సంగతి ఈ జన్మలో ఎత్తకూడదు, ఆ పూట ఇద్దరూ ఒక్క చోట తినాలి. నిజం పూర్తిగా చెప్పలేదని చెయ్యి తీసేస్తే ఆ రెండిళ్ల మధ్య నిప్పూ తాడూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు. పెళ్లిళ్లకీ చావులకీ కూడా గడప తొక్కరు. నీళ్లు రెండోసారి పట్టడమన్నది లేదు. దోసిలి ఖాళీ అయ్యేలోగా తేలాలి.

అంటే భాస్కర్ నీళ్లు పట్టి నిజం చెబితే, దాలయ్య క్షమించక తప్పదు. ఇది తెలిసే అడిగాడు దాలయ్య. అతనికి అప్పటికీ ఆ బావమరిది కావాలి, నాకైతే ఆ మనిషి మీద జాలేసింది. ఎవడో బెదిరించాడనో, డబ్బుకి ఆశపడ్డాననో ఏదో ఒకటి చెబితే, తిట్టి, ఏడ్చి, కళ్లకద్దుకుని, కాగితం మీద సంతకం పెట్టి, పిల్లని రైలెక్కించాలని ఉంది.

భాస్కర్ అలలోకి దిగాడు. నీళ్లు పట్టాడు. దాలయ్య ఎదురుగా నిలబడి కుడి చెయ్యి కింద పెట్టాడు. కూర్మయ్య పక్కన కర్ర పాతి నిలబడ్డాడు.

"పిలిసినాను," అన్నాడు భాస్కర్. పదేళ్లు కలకత్తాలో, అయిదేళ్లు విజయనగరంలో ఉండి మార్చుకున్న మాట తీరంతా పోయింది. "కావాలనే పిలిసినాను. కావాలనే ఆగిపోనాను. కాలు జారనేదు. నువ్వు మెడ తిప్పవని నాకు తెలుసును. తిప్పుతావేమోనని కూడా ఒక్క సెకండు ఆశపడ్డాను. తిప్పనేదు."

దాలయ్య అరచేతిలో చుక్కలు పడుతున్నాయి.

"ఎంతకి?"

"డబ్బు ముట్టనేదు బావా. మా అమ్మ మీదొట్టు."

"బ్యాండు కోసమా? అది అడిగితే నానే ఇచ్చేద్దును కదరా."

"బ్యాండు కోసం కాదు. ఆ మూడేళ్లు దాన్ని కట్టుకున్న ప్రతిసారీ నాకు సెయ్యి కాలిపోయినట్టుండేది."

"మరెందుకు?"

భాస్కర్ పెదవులు కదిలాయి. దోసిట్లో నీళ్లు సగం అయిపోయాయి.

"అది నాది కాదు బావా. నాను సెప్పకూడదు. తప్పు నాదని సెప్పినాను కదా, అద్దేసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను, అద్దేసుకో."

"సగం మాటకి నీళ్లు పట్టకూడదురా," అన్నాడు కూర్మయ్య. "ఇదేటి బేరమా? సెప్పితే అంతా సెప్పు, నేపోతే ఒదిలీ."

భాస్కర్ తల అడ్డంగా ఊపాడు. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. దాలయ్య ఇంకొక్క క్షణం చూశాడు. చెయ్యి తీసేశాడు.

దోసిట్లో మిగిలిన నీళ్లు అలలో పడిపోయాయి. ఎక్కడో ఒక ఆడమనిషి "అయ్యో" అంది. దాలయ్య తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, జేబులోంచి కాగితం తీశాడు. విప్పాడు. రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాన్నా!" హేమ పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, ఒద్దు నాన్నా. మావయ్య తప్పుకి నన్నెందుకు..."

"ఈడి సేతికి నిన్నిచ్చి పంపమంటావేటి? ఈడు పిలుస్తాడు, నువ్వు ముందుకెళ్తావు, ఈడు ఎనకాల నిలబడి సూస్తాడు."

"నేను మెడ తిప్పి చూసుకుంటాను నాన్నా. కోచ్‌లందరూ అదే నేర్పుతారు. నువ్వొక్కడివే చూడలేదు."

ఆ మాట దాలయ్యకి చెంపదెబ్బలా తగిలింది. పిల్ల నోటంట వచ్చింది నిజమే, అందుకే తగిలింది. అతని వేళ్ల మధ్య కాగితం నలిగింది.

"కాయితం సింపకు."

కూర్మమ్మ. తట్ట చంకలో ఉంది. ఎంతసేపట్నించి గుంపు వెనక నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. గుంపు దారిచ్చింది. ఆమె నెమ్మదిగా వచ్చి, తట్ట ఇసక మీద పెట్టింది.

"నువ్వు ఇటు రాకు," అన్నాడు దాలయ్య. "నీ తమ్ముడని ఏడవడానికొస్తే రాకు. ఆడికీ మనకీ అయిపోనాది."

"ఆణ్ని ఒగ్గీ. ఆడు సెప్పలేడు. సెప్పొద్దని నానే ఒట్టేయించుకున్నాను."

"ఏటి?"

"అలగ సెయ్యమన్నది నానే."

దాలయ్యకి ఆ మాట చెవుల దాకా వచ్చింది గానీ లోపలికి పోలేదు. ఏదో సంతబేరం చెబుతున్నట్టు అంత మామూలుగా అంది. అతను భాస్కర్ వైపు చూశాడు. భాస్కర్ మోకాళ్ల మీద నీళ్లలో కూలబడి, "అప్పా, ఎందుకు సెప్పినావు అప్పా," అంటున్నాడు. అప్పుడు పోయింది లోపలికి.

"నాను కలకత్తా ఫోన్ సేసినాను," అంది కూర్మమ్మ. "ఆ మ్యాచికి నాలుగు దినాల ముందు. మీ బావని ఆ ఆట నుంచి ఇంటికి తెచ్చీరా, ఇంక మళ్లీ అటు ఎళ్లకుండా తెచ్చీరా అన్నాను. ఎలాగన్నా సరే అన్నాను. ఆడు ఒద్దన్నాడు. నూతిలో పడి సస్తానన్నాను. మరింకేటి సేస్తాడు."

ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ప్రతి రాత్రీ ఈ మనిషే ఉప్పు వేడి చేసి గుడ్డలో కట్టి అతని మోకాలికి కాపడం పెట్టింది. దిగులుగా కూర్చుంటే పక్కనొచ్చి కూర్చుంది. కలకత్తా మాటెత్తితే మాట మార్చింది, బాధ పడతానని మారుస్తోంది అనుకున్నాడు. బావమరిది మోసం చేశాడంటే కోపమొచ్చింది, అరిచాడు. ఇప్పుడు అరుపు రావడం లేదు. తన ఇంట్లో తనొక్కడే ఏమీ తెలియని పరాయివాడినని, మిగిలిన ఇద్దరూ ఒకే తాడు పట్టి తనని లాగేశారని అర్థమైంది. ఇంతకన్నా ఆ రోజు నిజంగా అమ్ముడుపోయి ఉంటే బాగుండేది అనిపించింది, కనీసం అందులో తన చెయ్యి ఉండేది.

"ఈ జగ్గమ్మ నన్ను దొంగాటగాడన్నాదని," అన్నాడు నెమ్మదిగా, "సంతలో దాని జుట్టు పట్టుకున్నావు. అప్పటికి నీకు తెలుసునా?"

"తెలుసును."

"తెలిసే పట్టుకున్నావా?"

"నువ్వు దొంగవి కాదని నాకు కాకపోతే ఎవులికి తెలుసును?"

జగ్గమ్మ నోరెళ్లబెట్టి చూసింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"ఎందుకు సేసినావు?"

కూర్మమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపింది. తిన్నగా అలలోకి నడిచింది.

"ఏయ్ కూర్మమ్మా," అని కూర్మయ్య కర్ర ఎత్తాడు. "ఆడోళ్లు నీళ్లు పట్టకూడదే. మన ఊళ్లో నేదది."

"నేదని ఎవులు సెప్పినారు మావా? సముద్రం సెప్పినాదా?"

ముసలాయన ఎత్తిన కర్ర దించేశాడు. కూర్మమ్మ వంగి, తిరిగిపోతున్న అలలోంచి రెండు చేతులా నీళ్లు తీసుకుంది. లేచి దాలయ్య వైపు తిరిగి చేతులు ముందుకి చాచింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఎందుకో సెప్తాను. మొత్తం సెప్తాను, సగం మాట కాదు. సెయ్యి పెట్టు."

దాలయ్య కదల్లేదు.

చెయ్యి పెట్టి వింటే కళ్లకద్దుకోవాలి. అద్దుకుంటే ఈ రోజు మధ్యాహ్నం ఈ మనిషి పక్కన కూర్చుని అన్నం తినాలి, ఇంక చచ్చేదాకా ఈ మాట ఎత్తకూడదు. పన్నెండేళ్ల ఆట, పోయిన పేరు, అమ్ముడుపోయాడన్న మాట, అన్నీ ఈ గుక్కెడు నీళ్లలో కలిపెయ్యాలి. పెట్టకపోతే పద్దెనిమిదేళ్ల కాపురం ఇక్కడితో సరి. పిల్ల ప్రయాణం సరే సరి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పంతం కాదు. ఆ చేతులు అతని మాట వినలేదు.

"పెట్టయ్యా," అంది కూర్మమ్మ. "కారిపోతన్నాయి."

నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి. ఆమె వేళ్లు ఎంత బిగించినా ఆగడం లేదు. ఇంక దోసిలి అడుగున కాసిని మిగిలాయి. కూర్మయ్య కళ్లు మూసుకున్నాడు.

బ్యాగు ఇసకలో పడిన చప్పుడైంది. హేమ బూట్లు కూడా విప్పకుండా అలలోకి దిగింది. తండ్రిని దాటుకుని వెళ్లి, తల్లి దోసిలి కింద తన చెయ్యి పెట్టింది.

"నాన్న పెట్టకపోతే నేను పెడతాను. సెప్పమ్మా. నేను ఇంటాను."

చుక్క ఒకటి పిల్ల అరచేతిలో పడింది. నూతిలో పడతానన్నప్పుడు, ఎనిమిదేళ్లు నోరు నొక్కుకున్నప్పుడు, ఊరందరి ముందూ ఒప్పుకున్నప్పుడు కూడా బెదరని కూర్మమ్మ మొహం అప్పుడు తెల్లబోయింది.

"ఒసే, నువ్వు కాదే," అంది. "ఎవులైనా ఇనొచ్చు గానీ నువ్వు ఇనకూడదు. సెయ్యి తీసీ. నీ కాళ్లు మొక్కుతాను, సెయ్యి తీసీవే."

హేమ చెయ్యి తియ్యలేదు.